సెల్ఫ్ సగంలో ఆగితే తప్పు బ్యాటరీదేనా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వసంతం వచ్చిందంటే అమెరికాలోని మన పాఠకుల ఉత్తరాలు ఒక్కసారిగా పెరుగుతాయి. చలికాలమంతా గరాజు మూలన దుప్పటి కప్పుకుని ఉన్న రైడింగ్ మోవర్‌ను (కూర్చుని నడిపే గడ్డికోత బండిని) బయటికి లాగి తాళం తిప్పేసరికి అది మొండికేస్తుంది. ఈలోగా గడ్డి మోకాలి దాకా పెరుగుతుంది, కాలనీ సంఘం నుంచి హెచ్చరిక కాగితం వస్తుంది. ఈసారి వచ్చిన వాటిలో ఇంజనుకు సంబంధించిన అయిదు ప్రశ్నలను ఎంచుకున్నాము. మొదటి ఉత్తరంలో ఉన్న ఇబ్బందినే మరి ముగ్గురు కూడా రాశారు కనుక దానికి జవాబు కాస్త పెద్దదిగా ఇస్తున్నాము.

ప్రశ్న: మేము అట్లాంటాకు ఉత్తరాన ఎకరం స్థలంలో ఉన్న ఇంట్లో ఉంటున్నాము. ఆరేళ్ల క్రితం పాతది కొన్న రైడింగ్ మోవర్‌కు ఒకే సిలిండరు ఉన్న 18 హార్స్‌పవర్ ఇంజన్ ఉంది. ఈ ఏడాది తాళం తిప్పితే ఇంజన్ అర చుట్టు తిరిగి, ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోతున్నది. నాలుగైదుసార్లు ప్రయత్నిస్తే ఒక్కోసారి ఆ అడ్డు దాటుకుని స్టార్ట్ అవుతుంది, అయ్యాక మాత్రం ఏ లోపమూ లేకుండా నడుస్తుంది. మొదట బ్యాటరీ మార్చాను, తరువాత సెల్ఫ్‌కు కరెంటు పంపే సోలినాయిడ్ మార్చాను, చివరికి సెల్ఫ్ మోటారు కూడా కొత్తది వేయించాను. మూడు వందల డాలర్లు ఖర్చయినా మార్పు లేదు. ఇంజన్ లోపల పట్టేసిందని, ఇక కొత్త బండి కొనుక్కోవడమే మేలని షాపువారు చెబుతున్నారు. ఇది నిజమేనా?

జవాబు: పట్టేసిన ఇంజన్ నాలుగుసార్లు పట్టేసి అయిదోసారి దయతలచి వదిలిపెట్టదు. స్టార్ట్ అయ్యాక హాయిగా నడుస్తున్నదని మీరే రాశారు కనుక పిస్టన్, బేరింగులు బాగానే ఉన్నాయని ధైర్యంగా అనుకోవచ్చు. మీ ఇంజనుకు అసలు అవసరమైనది ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వు సందు సరిచేయడం, అయివుండే అవకాశం చాలా ఎక్కువ. అందుకు కారణం తెలిస్తే ఆ పని మీరే చేసుకోగలుగుతారు.

మన ఊళ్లలో కాలవ గట్టున ఆయిల్ ఇంజన్ తిప్పినవారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. ఇంజన్ హెడ్డు మీద ఒక చిన్న లివరు ఉంటుంది, దానిని ఎత్తిపెట్టి హ్యాండిల్‌తో తిప్పితే చక్రం తేలికగా తిరుగుతుంది. వేగం అందుకున్నాక లివరు వదిలేస్తే గాలి కుదింపు మొదలై ఇంజన్ అందుకుంటుంది. లివరు ఎత్తకుండా తిప్పబోతే హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు విరిగినంత పని అవుతుంది. మీ మోవర్ ఇంజన్‌లో అదే పనిని మనిషి చెయ్యి లేకుండా, వాల్వులను ఎత్తి దించే క్యామ్‌షాఫ్టు చేస్తుంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు క్యామ్ మీద ఉన్న ఒక చిన్న బొడిపె, కుదింపు సమయంలో ఒక వాల్వును వెంట్రుకవాసి ఎత్తి పట్టుకుని కొంత గాలిని బయటికి వదులుతుంది. అందువల్లనే సుమారు 500 సీసీల సిలిండరును అంత చిన్న బ్యాటరీ, అరచేతిలో పట్టే సెల్ఫ్ మోటారు కలిసి తిప్పగలుగుతున్నాయి. ఏళ్ల తరబడి వాడకంలో, వాల్వును నొక్కే మీట అయిన రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు పెరిగిపోతే, బొడిపె ఎత్తే ఆ కాస్త ఎత్తు ఆ సందులోనే ఖర్చయిపోతుంది, వాల్వు కదలనే కదలదు. పూర్తి కుదింపు సెల్ఫ్ మోటారు మీద పడి, అది అర చుట్టులో చతికిలపడుతుంది. చూసేవారికి మాత్రం అచ్చంగా బ్యాటరీ దిగిపోయినట్టే కనిపిస్తుంది, కాబట్టి మీరు బ్యాటరీ మార్చడంలో తప్పు పట్టవలసినది లేదు.

అయితే ఆ మూడు వందలు ఖర్చు పెట్టకముందే ఒక పరీక్ష చేసి ఉండవలసింది, ఇప్పుడైనా చేయండి. స్పార్క్ ప్లగ్‌ను పూర్తిగా విప్పి తీసి, దాని వైరును రంధ్రానికి దూరంగా కట్టేసి, తాళం తిప్పండి. ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది కనుక దగ్గర నిప్పు గానీ మొహం గానీ పెట్టవద్దు. ప్లగ్ లేనప్పుడు ఇంజన్ గిర్రున తిరిగి, ప్లగ్ బిగించగానే అర చుట్టులో ఆగితే, బ్యాటరీ, కేబుళ్లు, సెల్ఫ్ మోటారు నిర్దోషులని తేలినట్టే. ప్లగ్ తీసినా ఈడుస్తూ తిరిగితేనే వాటి జోలికి వెళ్లాలి. ఆ సందర్భంలో మీటరు పెట్టి చూస్తే, నిండుగా ఛార్జయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ తిప్పుతున్నంతసేపూ 9.6 కంటే కిందికి పోకూడదు. బ్యాటరీ బాగుండి కూడా మోటారు బలంగా తిరగకపోతే, నెగటివ్ కేబులు ఛాసిస్‌కు బిగించిన చోట తుప్పు పట్టిందేమో చూడండి.

ఇక సెట్టింగ్ సంగతి. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి, అంటే రాత్రంతా ఆపి ఉంచి పొద్దున చేయడం మంచిది. బ్యాటరీ నెగటివ్ కేబులు తీసేసి, ప్లగ్ విప్పి, వాల్వ్ కవరు బోల్టులు ఊడదీస్తే రెండు రాకర్లు కనిపిస్తాయి. కార్బ్యురేటర్ వైపున్నది ఇన్‌టేక్, సైలెన్సర్ వైపున్నది ఎగ్జాస్ట్. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, పైన ఉన్న ఫ్లైవీలు అనే బరువైన చక్రాన్ని చేత్తో గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పుతుంటే ఒకచోట గాలి వేలిని బయటికి నెడుతుంది, అదే కుదింపు ఘట్టం. అక్కడినుంచి ఒక ప్లాస్టిక్ స్ట్రా రంధ్రంలోకి దించి, అది పైకి వచ్చి ఆగే చోటు చూసి, మళ్లీ పావు అంగుళం కిందికి దిగేదాకా తిప్పండి. చాలామంది ఈ పావు అంగుళం దగ్గరే పొరబడతారు. పిస్టన్ సరిగ్గా పైన ఉన్నప్పుడు కొలిస్తే ఆ బొడిపె ఇంకా వాల్వును తాకుతూ ఉండి కొలత తప్పు చూపవచ్చు, కాస్త దిగాక కొలిస్తే దాని ప్రమేయం ఉండదు. ఉదాహరణకు బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారి ఒకే సిలిండరు ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్లలో ఎక్కువ వాటికి ఇన్‌టేక్ సందు 0.003 నుంచి 0.005 అంగుళం, ఎగ్జాస్ట్ సందు 0.005 నుంచి 0.007 అంగుళం ఉండాలి. సందులు కొలిచే ఫీలర్ గేజ్ రేకును మధ్యలో పెట్టి, బిగింపు నట్టు వదులు చేసి, నడిమి స్క్రూను తిప్పుతూ రేకు లాగితే పట్టీపట్టనట్టు జారే స్థితికి తెచ్చి మళ్లీ నట్టు బిగించాలి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ దానితోపాటు తిరుగుతుంది కనుక బిగించాక మరోసారి కొలవక తప్పదు. ఆ తరువాత ఫ్లైవీలును రెండు పూర్తి చుట్లు తిప్పి ఇంకోసారి చూసి కవరు వేయండి. నేను చూసిన ఇలాంటి ఇంజన్లలో ఎగ్జాస్ట్ రాకరు చేత్తో పట్టుకుంటే టకటకలాడేంత వదులుగా ఉన్నవి తక్కువేమీ కావు.

ఫీలర్ గేజ్ ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా పది డాలర్ల లోపే దొరుకుతుంది. మీ ఇంజన్ మరో కంపెనీది అయితే ఆ కంపెనీ మాన్యువల్‌లోని కొలతనే పాటించాలి. కోహ్లర్ కమాండ్ వరుసలోని చాలా ఇంజన్లకు సందును వాటంతటవే సరిచేసుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి, వాటిలో ఈ సర్దుబాటే ఉండదు. సందు సరిచేసిన తరువాత కూడా ఇంజన్ అర చుట్టులోనే ఆగితే అప్పుడు క్యామ్ మీది ఆ ఏర్పాటే విరిగిందని అనుమానించాలి. అందుకు ఇంజన్ విప్పవలసి వస్తుంది, ఆ పనికి షాపువారి దగ్గరికి వెళ్లండి, అయితే ఈసారి వేరే షాపుకు.

ప్రశ్న: మాది నార్త్ కరోలినాలోని కేరీ. గత అక్టోబరులో చివరిసారి గడ్డి కోసి మోవర్‌ను అలాగే గరాజులో పెట్టాము. ఇప్పుడు స్టార్ట్ అయితే అవుతున్నది గానీ శబ్దం ఒకసారి పెరుగుతూ, ఒకసారి తగ్గుతూ, ఉయ్యాల ఊగినట్టు నడుస్తున్నది. చోక్ సగం వరకు లాగి ఉంచితే సర్దుకుంటున్నది. మావారు కొత్త కార్బ్యురేటర్ తెప్పిద్దామంటున్నారు. పాతదాన్ని శుభ్రం చేస్తే సరిపోదా?

జవాబు: చోక్ లాగితే సర్దుకుంటున్నదని మీరు గమనించి రాయడం వల్ల మా పని సగం తగ్గింది. చోక్ గాలిని తగ్గిస్తుంది. గాలి తగ్గిస్తే బాగా నడుస్తున్నదంటే ఇంజనుకు గాలికి తగినంత పెట్రోలు అందడం లేదన్నమాట. అది రెండు విధాలుగా జరుగుతుంది. కార్బ్యురేటర్‌లోని జెట్టు, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం, పూడుకుపోవచ్చు, లేదా కార్బ్యురేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న ప్యాకింగ్ పాడై దొంగదారిన గాలి చొరబడవచ్చు. ముందు కార్బ్యురేటర్‌ను ఇంజనుకు బిగించే రెండు బోల్టులూ వదులయ్యాయేమో చూడండి. అవి బిగువుగానే ఉంటే, ఆరు నెలలు నిలవ ఉన్న పెట్రోలు ఉన్న మీ బండిలో జెట్టునే మొదట అనుమానించాలి.

అమెరికాలో బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెట్రోలులోని తేలికైన భాగం నెలల్లో ఆవిరైపోయి, మిగిలినది వార్నిష్ లాంటి జిగురుగా మారి, గుండుసూది మొనకంటే చిన్నదైన రంధ్రంలో గడ్డకడుతుంది. ట్యాంకు మూత తీసి వాసన చూడండి. తాజా పెట్రోలు వాసన ముక్కుకు సూటిగా తగులుతుంది, పాతది పుల్లగా, పాత రంగు డబ్బా తెరిచినట్టుగా ఉంటుంది. అలా ఉంటే ఎంత ఉన్నా తీసేయవలసిందే. కొత్త పెట్రోలు కలిపి పలచన చేద్దామనే పొదుపు ఇక్కడ పనికిరాదు.

పాత కార్బ్యురేటర్‌ను శుభ్రం చేయడమే మా సలహా. విప్పకముందు, ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ స్ప్రింగులు, కడ్డీలు ఏ రంధ్రంలో ఏది ఉన్నదో నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీసుకోండి. ఈ మాట విననివారు సాయంత్రానికి చేతిలో ఒక స్ప్రింగు మిగుల్చుకుని మాకు ఉత్తరం రాస్తారు. కింద ఉన్న చిన్న గిన్నెకు అడుగున వైరు తగిలించిన సోలినాయిడ్ ఉంటుంది. తాళం ఆన్ చేసినప్పుడు అది ‘టక్’మని శబ్దం చేయాలి. ఆ శబ్దం రాకపోతే దాని మొన పెట్రోలు దారిని మూసేసి ఇంజనును నడవనివ్వదు. మీ బండి నడుస్తున్నది కనుక అది బాగానే ఉంది, వైరును మాత్రం సున్నితంగా ఊడదీయండి. గిన్నె తీసి, జెట్టును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గుండ్రని చుక్కలా అవతలి వెలుగు కనబడాలి. కనబడకపోతే కార్బ్యురేటర్ క్లీనర్ పోసి నానబెట్టి, విద్యుత్ వైరులోని ఒక్క రాగి పోగుతో మెల్లగా పొడవండి. ఇనుప సూది, డ్రిల్ ముక్క వాడితే రంధ్రం పెద్దదై, ఇప్పుడున్న జబ్బు పోయి నల్ల పొగ జబ్బు పట్టుకుంటుంది. ఊగిసలాట నడిమి వేగంలోనూ తక్కువ వేగంలోనూ ఎక్కువగా ఉంటే పక్కన దాగి ఉండే, తక్కువ వేగంలో పెట్రోలు అందించే పైలట్ జెట్టును మరవకుండా తీసి చూడాలి, ఎందుకంటే మొదట పూడేది చాలాసార్లు అదే.

శబ్దం నిలకడగా లేదని గవర్నర్ స్ప్రింగును లాగి, వంచి సరిచేయబోవద్దు. ఇంజన్ వేగం పెరిగితే దానితోపాటు బ్లేడు వేగమూ పెరుగుతుంది. అమెరికా భద్రతా ప్రమాణం ప్రకారం బ్లేడు కొన నిమిషానికి 19,000 అడుగులకు మించిన వేగంతో తిరగకూడదు, ఆ హద్దును కాపాడేది ఆ స్ప్రింగే. ఇక బంకులో 15 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు కొంచెం చవకగా కనిపిస్తుంది. దానిని కారులో పోసుకోవచ్చునేమో గానీ, మోవర్‌లాంటి చిన్న ఇంజన్లలో వాడటాన్ని అక్కడి చట్టమే నిషేధించింది. శీతకాలానికి ముందు తాజా పెట్రోలులో అది పాడవకుండా కాపాడే స్టెబిలైజర్ కలిపి, అది కార్బ్యురేటర్ దాకా చేరేటట్టు అయిదారు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపండి. పాతబడిన పెట్రోలులో కలిపితే మాత్రం దానివల్ల ప్రయోజనం లేదు.

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాము. మా మోవర్‌లో ఇంజన్ ఆయిల్ నేను పోయకుండానే పెరిగింది! డిప్‌స్టిక్ మీద గీత దాటి పైన ఒక అంగుళం వరకు ఉంది. స్టార్ట్ చేస్తే గుప్పుమని తెల్ల పొగ వచ్చింది. వెంటనే ఆపేశాను.

జవాబు: ఆపేసి మంచి పని చేశారు, మేము చెప్పేదాకా మళ్లీ తాళం తిప్పవద్దు. డిప్‌స్టిక్‌ను వాసన చూడండి, పెట్రోలు వాసన వస్తుంది. కార్బ్యురేటర్ గిన్నెలో ఫ్లోట్ పైకి తేలినప్పుడు పెట్రోలు దారిని మూసే నీడిల్ అరిగినా, దాని మీద నలుసు పడినా దారి మూసుకోదు. ట్యాంకు కార్బ్యురేటర్ కంటే ఎత్తులో ఉంటే బండి నిలిపి ఉంచిన రాత్రి పెట్రోలు కారుతూ సిలిండరులోకి, అక్కడినుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు గంటల్లో పాడవుతాయి. సిలిండరు పెట్రోలుతో నిండి ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే, ద్రవం కుదించబడదు కనుక కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. అందుకని ముందు ప్లగ్ విప్పి, ఇంజనును చేత్తో తిప్పి లోపలి పెట్రోలు బయటికి పోనిచ్చి, ఆయిల్ మొత్తం తీసేసి, ఫిల్టరు ఉంటే అది కూడా మార్చండి. నీడిల్‌ను, అది కూర్చునే సీటును కొత్తవి వేసి, ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో ఒక చిన్న షటాఫ్ వాల్వు పెట్టించుకోండి. గడ్డి కోయడం అయ్యాక దాన్ని మూసేస్తే ఈ బెడద మళ్లీ రాదు.

పెట్రోలు వాసన ఏమాత్రం లేకపోతే అది వేరే కథ. ఎవరో మీకు తెలియకుండా ఆయిల్ పోసి ఉండవచ్చు. ఇంట్లో ఇద్దరు బాధ్యతగల మనుషులు ఉన్నచోట ఇది జరుగుతూనే ఉంటుంది. మట్టం సరిచేశాక కూడా పొగ ఆగకపోతే హెడ్ ప్యాకింగ్ పోయిందేమో చూపించుకోవాలి.

ప్రశ్న: ఒహాయోలో ఉంటాను. మా బండి సరిగ్గా అరగంట నడిచి ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు ఆగితే మళ్లీ నడుస్తుంది. ఏం చూడాలి?

జవాబు: ఈసారి ఆగబోతున్నట్టు అనిపించగానే పెట్రోలు ట్యాంకు మూత వదులు చేయండి. ‘స్‌స్’మని గాలి లోపలికి వెళ్లి ఇంజన్ కోలుకుంటే మూతలోని గాలి రంధ్రం పూడిందని అర్థం, మూత మారిస్తే సరి. అలా కాకపోతే, ఆగిన మరుక్షణమే, చల్లారకముందే, ప్లగ్ టెస్టరు పెట్టి నిప్పురవ్వ వస్తున్నదో లేదో చూడాలి. వేడెక్కాక రవ్వ రాక, చల్లారాక వస్తుంటే ఇగ్నిషన్ కాయిల్ మార్చవలసి ఉంటుంది. కొత్తది బిగించేటప్పుడు ఫ్లైవీలుకూ కాయిల్‌కూ మధ్య విజిటింగ్ కార్డు మందం సందు ఉంచుతారు, ఖచ్చితమైన కొలత మాన్యువల్‌లో చూడండి. అంతకంటే ముందు ఇంజన్ పైనున్న కవరు విప్పి చూడటం మంచిది. చలికాలంలో ఎలుకలు ఫ్లైవీలు కింద గడ్డి, దూది పేర్చి గూడు పెట్టుకోవడం మామూలే. ఆ గూడు సిలిండరు రెక్కల మధ్య గాలిని అడ్డుకుంటే ఇంజన్ వేడికి తాళలేదు.

ప్రశ్న: మాకు తూర్పుగోదావరి జిల్లా కడియంలో నర్సరీ ఉంది. లాన్ కోయడానికి తోసుకుంటూ వెళ్లే పెట్రోలు యంత్రం వాడుతున్నాము. మొన్న బ్లేడు రాయికి తగిలి ఒక్కసారిగా ఆగిపోయింది. అప్పటినుంచి తాడు లాగితే చెయ్యి వెనక్కి గుంజుతున్నది, సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతున్నది. రైడింగ్ మోవర్ల గురించి మీరు ఇంత రాస్తారు, దీనికి కూడా జవాబు చెబుతారా?

జవాబు: తప్పకుండా చెబుతాము. పైగా ఈ జబ్బు రైడింగ్ మోవర్ల కంటే మీ యంత్రానికే ఎక్కువగా వస్తుంది. రైడింగ్ మోవర్‌లో బ్లేడును బెల్టు తిప్పుతుంది కనుక రాయి తగిలితే బెల్టు జారి దెబ్బను మింగుతుంది. మీ యంత్రంలో బ్లేడును నేరుగా క్రాంక్‌షాఫ్టుకే బిగిస్తారు. బ్లేడు ఆగినా, పైన బరువైన ఫ్లైవీలు తన ఊపులో తిరగబోయి, ఫ్లైవీలునూ క్రాంక్‌షాఫ్టునూ ఒకే వరుసలో నిలిపే కీ అనే చిన్న లోహపు ముక్కను కోసేస్తుంది. కీ తెగి ఫ్లైవీలు కాస్త పక్కకు జరిగితే నిప్పురవ్వ వేళ తప్పి వస్తుంది, అందుకే వెనుక గుంజుడు, పేలుడు. ప్లగ్ వైరు ఊడదీసి, ఫ్లైవీలు నట్టు విప్పి, పుల్లర్‌తో లాగి చూడండి. కీ పూర్తిగా తెగనక్కరలేదు, మధ్యలో చిన్న మెట్టులా జరిగినా చాలు.

కొత్త కీ వేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అసలు కీని మెత్తని లోహంతో చేయడం కావాలని చేసిన పని. లేత్ షాపులో గట్టి ఉక్కుతో చేయించి పెడితే ఇది ఎప్పటికీ తెగదు, నిజమే, కానీ ఈసారి రాయి తగిలినప్పుడు ఆ దెబ్బంతా క్రాంక్‌షాఫ్టు మీద పడుతుంది. బిగించేముందు మొన్నటి దెబ్బకే షాఫ్టు వంగలేదని తేల్చుకోండి. యంత్రాన్ని చదునైన నేల మీద నిలిపి, ప్లగ్ వైరు ఊడదీసి ఉంచే, బ్లేడును కప్పి ఉంచే డెక్కు అంచున ఒకే చోటు నుంచి బ్లేడు ఒక కొనకు ఉన్న దూరాన్ని కొలవండి. తరువాత బ్లేడును చేత్తో అర చుట్టు తిప్పి, రెండో కొనను అదే చోట కొలవండి. కొలతలు తేడా వస్తే బ్లేడు మార్చి మరోసారి చూడండి. కొత్త బ్లేడుతో కూడా అదే తేడా వస్తే వంగినది షాఫ్టే, కీ కోసం డబ్బు పెట్టకముందే ఆ సంగతి తెలియడం మంచిది.